విరాళం అడిగిన కబురు చేరింది, సంతకం అడిగింది చేరలేదు: టెక్సస్ ఎలిమెంటరీ స్కూల్ నుంచి ఒక ఫాల్ కేస్ స్టడీ

2025 సెప్టెంబర్ మూడో వారంలో మా స్కూల్ నర్స్ ఒక జాబితా తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఆరోగ్య సేవల అనుమతి పత్రం మీద ఇంకా సంతకం పడని పిల్లల పేర్లవి. పైనుంచి కిందికి చూస్తూ పోతే తెలుగు ఇంటిపేర్లు వరసగా తగిలాయి. అదే వారం పీటీఏ, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసిన సంఘం, నిధుల కోసం పెట్టే ఫన్ రన్ అనే పిల్లల పరుగుకి విరాళం ఇచ్చిన కుటుంబాల జాబితా కూడా ఆఫీసుకి వచ్చింది. అందులోనూ చాలావరకు అవే ఇంటిపేర్లు. రెండు కబుర్లూ ఒకే యాప్‌లో, అవే ఈమెయిల్ చిరునామాలకి, ఒకే వారంలో వెళ్లాయి. ఒకటి పని చేసింది, ఒకటి చేయలేదు. ఎందుకని వెతకడంతో ఈ కేసు మొదలైంది.

నేపథ్యం

డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక సబర్బ్‌లో, ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూల్లో నేను ఫ్యామిలీ లియజాన్‌ని. బడికీ ఇళ్లకీ మధ్య మాట నడపడం నా ఉద్యోగం. కిండర్‌గార్టెన్ నుంచి ఫిఫ్త్ గ్రేడ్ దాకా పిల్లలుంటారు. చుట్టుపక్కల కొత్త కాలనీలు లేచిన కొద్దీ తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఐటీ వాళ్లు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు. ఎండాకాలంలో వచ్చిన నాయనమ్మలు, తాతయ్యలు విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉంటారు కాబట్టి బడి తెరిచాక పిల్లల్ని దింపేదీ తెచ్చుకునేదీ చాలాచోట్ల వాళ్లే. కింద చెప్పే కుటుంబం నిజానికి ఒక్క కుటుంబం కాదు. ఎవరూ గుర్తుపట్టకుండా వేరు వేరు ఇళ్ల సంగతులు కలిపి రాశాను.

ఫాల్‌లో, అంటే బడి తెరిచిన ఆగస్టు నుంచి ఏడాది చివరిదాకా, మేం ఇళ్లకి పంపే కబుర్లు ఎన్ని రకాలో బయటివాళ్లకి ఊహకందదు. టెక్సస్‌లో చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బళ్లన్నిటినీ నడిపే సంస్థలు) ఆగస్టు రెండో వారానికే బళ్లు తెరుస్తాయి. న్యూజెర్సీ నుంచి మారినవాళ్లు లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) తర్వాతే కదా అనుకుని ఇండియా నుంచి తిరుగు టికెట్లు సెప్టెంబర్‌కి వేసుకుంటారు. అక్కడే మొదటి తలనొప్పి. తర్వాత టీకాలు. ఇండియాలో ప్రభుత్వ టీకాల పట్టికలో హెపటైటిస్ ఎ, చికెన్‌పాక్స్ లేవు. ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే రెండూ రెండేసి డోసులు పడి ఉండాలి. ఆ వెనకే లంచ్ దరఖాస్తు, కార్ లైన్ (పిల్లల్ని ఎక్కించుకునే కార్ల వరస) ట్యాగులు, పిక్చర్ డే, ఏడాది పాఠాల గురించి తల్లిదండ్రులకి చెప్పే కరిక్యులమ్ నైట్, బుక్ ఫెయిర్, ఫైర్ డ్రిల్, చురుకైన పిల్లల కోసం ఉండే గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌కి నామినేషన్, అక్టోబర్ 23 నుంచి 31 దాకా మత్తుమందులకి వ్యతిరేకంగా జరిపే రెడ్ రిబ్బన్ వీక్, అందులో రోజుకో వేషం, హాలోవీన్, టీచర్ కాన్ఫరెన్సులు, బడి తొందరగా వదిలే ఎర్లీ రిలీజ్ రోజులు, థాంక్స్‌గివింగ్ లంచ్. ఇందులో ఏది తప్పనిసరి, ఏది సరదా అన్నది మాకు తెలుసు. రాసేటప్పుడు అన్నిటినీ ఒకే అక్షరాల్లో, ఒకే ఉత్సాహంతో రాస్తాం. చివర ఆశ్చర్యార్థకాలు కూడా సమానమే.

2025లో దీనికి రెండు కొత్త చట్టాలు తోడయ్యాయి. సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సెనేట్ బిల్ 12 ప్రకారం బడిలో ఆరోగ్య సేవలకు, పిల్లలు క్లబ్బుల్లో చేరడానికి తల్లిదండ్రులు రాసి అనుమతి ఇవ్వాలి. హౌస్ బిల్ 1481 ప్రకారం బడి వేళల్లో పిల్లలు ఫోన్లు వాడకూడదు, స్మార్ట్‌వాచ్‌లూ అంతే. మొదటిదానికి ప్రతి ఇంటి నుంచీ సంతకం కావాలి. అది రాకపోతే పిల్లకి తలనొప్పి వచ్చినా ముందు ఇంటికి ఫోన్ చేసి అడగాలన్న పద్ధతి మా దగ్గర పెట్టుకున్నారు. అత్యవసరమైతే అది వేరే సంగతి.

మొదట అందరూ అనుకున్నది

మీటింగ్‌లో విషయం పెట్టగానే వచ్చిన మొదటి సలహా, అన్నీ తెలుగులోకి మార్చి పంపుదామని. మంచి మనసుతో ఇచ్చిన సలహానే. యాప్‌లో అనువాదం బటన్ కూడా ఉంది. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంగ్లిషులో మీటింగులు నడిపే తండ్రికి మా న్యూస్‌లెటర్ అర్థం కాలేదంటే నేను నమ్మలేకపోయాను. జాబితా పట్టుకుని ఫోన్లు చేశాను. ఇంగ్లిషు రాక చదవలేదన్న అమ్మానాన్నలు దాదాపు లేరు. చాలామంది మెయిల్ తెరిచారు కూడా.

పైగా ఎవరిది తెలుగు ఇల్లో చెప్పే మా జాబితాయే సరైంది కాదు. అడ్మిషన్‌లో నింపే హోమ్ లాంగ్వేజ్ సర్వేలో ఇంట్లో మాట్లాడే భాష రాయాలి. ఇంగ్లిషు కాక మరోటి రాస్తే పిల్లకి ఇంగ్లిషు పరీక్ష పెడతారు, అవసరమైతే ఇంగ్లిషు నేర్పే ఈఎస్ఎల్ క్లాసులో వేస్తారు. ఈఎస్ఎల్ అంటే వెనకబడ్డ పిల్లల క్లాసన్న భయం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. అందుకని ఇంట్లో రోజంతా తెలుగే మాట్లాడుతూ ఫారంలో ఇంగ్లిష్ అని రాస్తారు. ఆ భయం అనవసరం, కానీ అది ఇంకో వ్యాసానికి సరిపడే విషయం. ఇక్కడ చెప్పాల్సిందేమిటంటే, ఆ సర్వేని నమ్ముకుని తెలుగు కబుర్లు పంపితే సగం ఇళ్లు జాబితాలోనే ఉండవు. బడి తల్లిదండ్రులతో ఏ భాషలో మాట్లాడాలన్నది రికార్డులో వేరే గడి. దాన్ని ఖాళీగా వదిలేస్తారు, మేమూ అడగం.

ఫోన్లలో తేలింది

ఒక అమ్మతో మాట్లాడుతుంటే అసలు సంగతి బయటపడింది. ఫన్ రన్‌కి డబ్బు కట్టారు, పిక్చర్ డే ప్యాకేజీ కొన్నారు, బుక్ ఫెయిర్ వాలెట్‌లో వేశారు. అనుమతి పత్రం సంగతి అడిగితే, "అది కూడా చూశామండీ, అందులో కట్టేదేం లేదుగా, ఇన్ఫర్మేషన్ కోసం పంపారనుకున్నాం" అన్నారు. ఇదే మాట వేరు వేరు నోళ్ల నుంచి మళ్లీ మళ్లీ విన్నాను. ఇండియాలో ప్రైవేటు బళ్లలో చదివి వచ్చినవాళ్లం కదా. బడి నుంచి కాగితం వచ్చిందంటే ఫీజు, ఫీజుకో ఆఖరు తేదీ, దాటితే ఫైను. డబ్బు లేని కాగితం అంటే సర్క్యులర్, చదివి పక్కన పెట్టేది. ఇక్కడ సరిగ్గా తిరగబడి ఉంటుంది. ప్రభుత్వ బడిలో డబ్బు అడిగేది ఏదైనా దాదాపు ఇష్టముంటేనే. పీటీఏ అనేది బడిలో భాగం కాదు, 1897లో పుట్టిన జాతీయ సంఘం కింద నడిచే స్వచ్ఛంద సంస్థ. సభ్యత్వం, విరాళం రెండూ స్వచ్ఛందమే. ఫొటో కొనకపోయినా పిల్ల ఫొటో ఇయర్‌బుక్ కోసం తీస్తారు. డబ్బు అడగనివాటికే గట్టి గడువులుంటాయి: టీకా, అనుమతి, లంచ్ దరఖాస్తు, గిఫ్టెడ్ నామినేషన్.

లంచ్ దరఖాస్తు మీద కాస్త ఆగాలి. నిరుడు ఉచిత భోజనానికి అర్హులైన పిల్లలకి కొత్త ఏడాదిలో ఆ అర్హత మొదటి 30 పనిదినాలే చెల్లుతుంది. ఆగస్టు రెండో వారంలో బడి తెరిస్తే అది సెప్టెంబర్ నెలాఖరుకి అయిపోతుంది. కొత్త దరఖాస్తు ఇవ్వకపోతే ఆ మర్నాటి నుంచి ఖాతాలో బాకీ ఎక్కుతుంది. ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 130 శాతం లోపుంటే ఉచితం, 185 శాతం లోపుంటే లంచ్‌కి 40 సెంట్లకి మించి తీసుకోరు. మన ఇళ్లకి ఇది వర్తించదని మా ఆఫీసులోనూ అనుకుంటారు, మనవాళ్లూ అనుకుంటారు. ఇంట్లో ఒక్కటే జీతం, ఆ ఉద్యోగం కూడా పోయిన వాళ్లుంటారు. ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు చేసుకోవచ్చని, అందులో ఇమిగ్రేషన్ స్థితి అడగరని చెబితే ఒక నాన్న ఫోన్‌లో చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత లింక్ పంపమన్నారు.

రెండో సంగతి, కబురు ఎవరి ఫోన్‌కి వెళ్తోందన్నది. రిజిస్ట్రేషన్ నింపేది నాన్న. మొదటి కాంటాక్ట్ ఆయనే. అమ్మ నంబరు రెండోది, అది కూడా ఒక్కోసారి పాత సిమ్‌ది. బడి పనులు నడిపేది అమ్మ, పిల్లల్ని తెచ్చేది నాయనమ్మ. నాన్నకి మెయిల్ వస్తుంది, సబ్జెక్ట్ లైన్ చూస్తారు, సాయంత్రం ఇంట్లో చెబుదామనుకుంటారు.

అక్టోబర్‌లో ఎర్లీ రిలీజ్ రోజు దీనికి పరాకాష్ఠ. మధ్యాహ్నం 12:15కే బడి వదిలేశారు. ఒక సెకండ్ గ్రేడ్ పిల్లాడు, కిండర్‌గార్టెన్‌లో ఉన్న వాడి చెల్లి మిగిలిపోయారు. నాన్న ఫోన్ సైలెంట్‌లో ఉంది, అమ్మది పాత నంబరు. పిల్లలు ఫ్రంట్ ఆఫీసులో నా పక్కన కూర్చుని క్రేయాన్లతో బొమ్మలు వేసుకున్నారు, ఇంటి నుంచి తెచ్చుకున్న మురుకులు నాకూ పెట్టారు. మామూలు వేళకి, 2:50కి, నడిచి వెళ్లే పిల్లల్ని వదిలే వాకర్స్ గేటు దగ్గర ఎప్పుడూ నిలబడే చోటే నాయనమ్మగారు వచ్చి నిలబడ్డారు. చుట్టూ ఎవరూ లేకపోయేసరికి ఆవిడకి కంగారు పుట్టింది.

"బడి మూడింటికి కదమ్మా వదిలేది? నేను టైముకే వచ్చానే!"

"మీ తప్పేం లేదు మామ్మగారూ, ఇవాళ తొందరగా వదిలేశారు. పిల్లలు లోపలే ఉన్నారు, అన్నం తిన్నారు."

"మరి నాకెవరూ చెప్పలేదే. మావాడికి చెప్పారా?"

చెప్పాం. నాన్నకి వెళ్లిన ఆ వారం న్యూస్‌లెటర్ తీసి చూశాను. ఎర్లీ రిలీజ్ సంగతి గుమ్మడికాయల అలంకరణ పోటీకీ టీ షర్టుల ఆర్డర్‌కీ మధ్య ఒక్క వాక్యంలో ఉంది. రాసినవాళ్ల కోణంలో చూస్తే తప్పేం లేదు, ఆ తేదీ ఆగస్టు నుంచీ కేలండర్‌లో ఉంది కాబట్టి గుర్తు చేస్తే చాలనుకున్నారు.

ఏం మార్చాం

న్యూస్‌లెటర్ పైన ఒక పెట్టె పెట్టాం. అందులో ఆ వారం ఇంటివాళ్లు తప్పనిసరిగా చేయాల్సినవి మాత్రమే, మూడుకి మించకుండా. ప్రతిదానికీ మూడు ముక్కలు: ఏం చేయాలి, ఎప్పటిలోగా, చేయకపోతే ఏమవుతుంది. ఈ చివరి ముక్క మీద ప్రిన్సిపల్‌తో చాలాసేపు వాదన నడిచింది. బెదిరించినట్టుంటుందని ఆవిడ. మనవాళ్లు చదివేది ఆ ముక్కేనని నేను. చివరికి "ఈ సంతకం లేకపోతే మీ పాపకి తలనొప్పి వచ్చినప్పుడు నర్స్ ముందు మీకు ఫోన్ చేసి అడగాలి, మీరు ఎత్తేదాకా పాప ఆగాలి" అన్న మోతాదులో ఒప్పుకున్నారు. నా లెక్కలో మొత్తం మార్పుల్లో ఎక్కువ పని చేసింది ఆ ఒక్క వాక్యమే.

డబ్బు విషయాలన్నీ వేరే రోజుకి మార్చి, ప్రతిదాని పక్కన "ఇష్టమైతేనే" అని రాయించాం. దీనికి పీటీఏ వాళ్లు సంతోషించలేదు. వసూళ్లు తగ్గుతాయని వాళ్ల భయం, అందులో అన్యాయమేమీ లేదు, లైబ్రరీకి పుస్తకాలు, ఆటస్థలంలో నీడ వాళ్ల డబ్బుతోనే వస్తాయి. రెండు నెలలు చూద్దామని రాజీ.

ఫోన్ నంబర్ల కోసం మెయిల్ పంపలేదు. కరిక్యులమ్ నైట్‌కి వచ్చినవాళ్ల దగ్గర, కార్ లైన్‌లో కిటికీ దించినవాళ్ల దగ్గర ట్యాబ్ పట్టుకుని అమ్మ నంబరు సరిచూశాను. అనుమతి పత్రం మీద తాతయ్యలు సంతకం పెడతామన్నా కుదరదు, తల్లో తండ్రో చట్టప్రకారం సంరక్షకులో పెట్టాలి. పికప్ జాబితాలో మాత్రం పెద్దవాళ్ల పేర్లు ఎక్కించుకోవచ్చు. బడి లోపలికి రావాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు స్కాన్ చేస్తారు, ఇండియా పాస్‌పోర్ట్ సరిపోతుంది. థాంక్స్‌గివింగ్ లంచ్‌కి మనవరాలి పక్కన కూర్చుందామని ఆశగా వచ్చి, పాస్‌పోర్ట్ ఇంట్లో బీరువాలో ఉండి వెనక్కి తిరిగిన తాతయ్యల్ని ఏటా చూస్తున్నాను కాబట్టి ఈ సంగతి అందరికంటే ముందు చెప్పించాను.

తెలుగు ఎక్కడ వాడామంటే, పెద్దవాళ్ల దగ్గర. అదీ రాతలో కాదు, గొంతులో. బడి వదిలే వేళ మారినా, వాన గాలి వల్ల పికప్ చోటు మారినా, గుర్తింపు కార్డు కావాల్సి వచ్చినా ఒక చిన్న ఆడియో. అమ్మానాన్నలు ఇంట్లో పెద్దవాళ్లకి ఫార్వర్డ్ చేస్తారు. నవంబర్‌లో పంపినది ఇలా ఉంది:

"నమస్కారమండీ, స్కూల్ నుంచి. రేపు శుక్రవారం బడి పన్నెండుంపావుకే వదిలేస్తారు. మూడింటికి కాదు, పన్నెండుంపావుకి. ఎప్పుడూ వచ్చే గేటు దగ్గరికే రండి. రావడం కుదరకపోతే పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేయించండి. సోమవారం నుంచి మళ్లీ మామూలే."

అందులో ఏ పిల్ల పేరూ, ఏ సంగతీ ఉండదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా బయటికి పోకూడదు. ఆడియోలు ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరుగుతాయో మన చేతిలో ఉండదు.

దీపావళి కబురు

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో బడికీ లాభముంది. టెక్సస్‌లో బడికొచ్చే నిధులు రోజువారీ సగటు హాజరు మీద లెక్క. తలా మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగి, 2025లో చట్టసభ 55 డాలర్లు పెంచింది. కాబట్టి హాజరు గురించి మేం అంతగా వెంటపడేది ఊరికే కాదు. పండగరోజున మనవాళ్లు ఏం చేస్తారంటే, పిల్లల్ని ఇంట్లో ఉంచుకుని "జ్వరం" అని రాస్తారు. పండగ అని రాస్తే టీచర్ ఏమనుకుంటారో అని. నిజానికి టెక్సస్ విద్యా చట్టం మతపరమైన పండగలకి సెలవు ఇచ్చి తీరాలంటుంది. దానికోసం ప్రయాణం చేయాల్సి వస్తే ఆ రోజుకి కూడా. ఆ సెలవు పెట్టిన పిల్ల నిధుల లెక్కలో బడికి వచ్చినట్టే, తప్పిన పాఠం రాసుకోవడానికి టైమివ్వాలి. జ్వరం అని రాస్తే ఆ రోజు నిధుల లెక్కలోకి రాదు. 2025లో దీపావళి అక్టోబర్ 20, సోమవారం, మాకు ఆ రోజు సెలవు లేదు. ముందు వారమే పై పెట్టెలో రాశాం: పండగకి ఉంచుకుంటే పండగ అనే రాయండి. పండగతో సంబంధం లేని ఇండియా ప్రయాణానికి ఇది వర్తించదని కూడా రాశాం, లేకపోతే డిసెంబర్ టికెట్లన్నీ దీపావళి ఖాతాలో పడతాయి.

మా అటెండెన్స్ క్లర్క్ ఇన్నేళ్లలో ఆ రోజు ఇంత తక్కువ జ్వరాలు చూడలేదన్నారు.

ఫలితం, మిగిలినవి

అక్టోబర్ సగానికి నర్స్ జాబితాలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పేర్లే మిగిలాయి. ఆ మిగిలినవి ఇల్లు మారినవాళ్లవి, నంబరు దొరకనివాళ్లవి. నవంబర్ ఎర్లీ రిలీజ్‌కి తెలుగు పిల్లలెవరూ ఆఫీసులో మిగల్లేదు. ఫలానా మార్పు వల్లే ఇది జరిగిందని విడదీసి చెప్పలేను. నేను ఫోన్లు చేయడమే సగం పని చేసి ఉండొచ్చు, పైగా ఒకసారి పిల్లలు ఆగిపోయాక ఆ కబురు కాలనీ అంతా పాకింది కూడా. పీటీఏ వసూళ్లు తగ్గాయా అంటే, "ఇష్టమైతేనే" అన్నాక కొందరు మానేశారు, కొందరు అంతకు ముందుకంటే ఎక్కువ ఇచ్చారు. వాళ్ల లెక్కలు వాళ్లింకా తేల్చలేదు.

పెట్టె పనిచేయని చోట్లూ ఉన్నాయి. పిల్లలు చదవడంలో, లెక్కల్లో ఎక్కడున్నారో కొలిచే ఫాల్ మ్యాప్ పరీక్ష ఫలితాలు ఇంటికి వెళ్లాక వచ్చే ఫోన్లు ఏటా వచ్చినట్టే వచ్చాయి. 62వ పర్సెంటైల్ చూసి నూటికి 62 మార్కులనుకుని ట్యూషన్ వెతికే ఇళ్లున్నాయి. దేశంలో అదే గ్రేడ్ పిల్లల్లో నూటికి 62 మంది తెచ్చుకున్నంత గానీ అంతకంటే ఎక్కువ గానీ తెచ్చుకుందని మూడు లైన్లలో రాసినా, పక్కింటి పిల్లకి ఎంతొచ్చిందన్న ప్రశ్న దగ్గరే సంభాషణ మొదలవుతుంది. ఇది కాన్ఫరెన్స్‌లో టీచర్ ఎదురుగా కూర్చుని చెబితేనే దిగుతుంది. కాన్ఫరెన్స్ స్లాట్ ఇరవై నిమిషాలు, అందులో గిఫ్టెడ్ ప్రశ్నకే సగం పోతుంది.

వాట్సాప్ పుకార్లకి కూడా మా దగ్గర మందు లేదు. వాచీ పెట్టుకొస్తే సస్పెండ్ చేస్తారన్న మాట కొత్త చట్టం కంటే వేగంగా తిరిగింది. ఒక పాప టైము చూసుకునే మామూలు ముళ్ల వాచీని కూడా తీసి బ్యాగులో దాచుకుంది.

హాలోవీన్ నాడు మాత్రం లెక్క తప్పింది. అక్టోబర్ ఆఖరి శుక్రవారం, రాష్ట్రానికి పంపే లెక్క కోసం పిల్లల్ని లెక్కించే స్నాప్‌షాట్ రోజు, 2025లో అది సరిగ్గా 31న పడింది. రెడ్ రిబ్బన్ వీక్ ఆఖరి వేషం కూడా అదే రోజు. హాజరు కోసం బతిమాలే కబురు, వేషాల కబురు, సాయంత్రం ఫాల్ ఫెస్టివల్ కబురు మూడూ ఒకే పొద్దున వెళ్లాయి. వాటిలో ఒక్కటైనా ముందు రోజుకి జరపమని అడిగితే, మూడూ మూడు వేరు వేరు ఆఫీసులవని తేలింది. డిస్ట్రిక్ట్ నుంచి వచ్చేవాటి మీద మా బడికి అదుపు లేదు.

స్ప్రింగ్‌లో వచ్చే ఏడాది రిజిస్ట్రేషన్ తెరుస్తారు. ఆ ఫారంలో "పిల్లల్ని రోజూ ఎవరు తీసుకెళ్తారు, ఆ మనిషికి ఏ భాషలో చెప్పాలి" అన్న గడి ఒకటి చేర్చమని ప్రిన్సిపల్ సంతకంతో డిస్ట్రిక్ట్‌కి రాశాం. ఫారం అన్ని బళ్లకీ ఒకటే కాబట్టి కమిటీ చూడాలన్నారు. ఈలోగా ఆ ప్రశ్న నేనే ట్యాబ్ పట్టుకుని కార్ లైన్‌లో అడుగుతున్నాను.